ఓల్డ్ బెయిలీతో మొదలుపెట్టకండి: ఐరిష్ ఖైదీల జాడ తీసే వెబ్‌సైట్లపై సమీక్ష

గుంటూరు, విజయవాడల్లో ఇప్పుడు ఏ అపార్ట్‌మెంటు లిఫ్టులో నిలబడ్డా సిడ్నీ, మెల్‌బోర్న్ కబుర్లు వినపడతాయి. పిల్లలు అక్కడే ఉండిపోయారు, కొందరు అక్కడివాళ్లనే చేసుకున్నారు. మనవరాలిని స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మంటే, నాన్న వైపు తరాలన్నీ బ్రాడీపేట తాతయ్యకి నోటిమీద ఉంటాయి. అమ్మ వైపు ఐదారు తరాలు వెనక్కి వెళ్లేసరికి ఒక మర్ఫీయో, ఒక ఓబ్రయనో ఓడ దిగుతూ కనిపిస్తాడు. ఆ ఓడ ఎందుకు ఎక్కాడో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో వైఫై, ఒంట్లో ఓపిక ఉన్న తాతయ్యకి ఆ పని అప్పజెబుతారు. ఈ సమీక్ష అలాంటివాళ్ల కోసం.

ముత్తాత ఖైదీ అని తేలితే వియ్యాలవారికి ఎలా చెప్పాలా అని మొహమాటపడక్కర్లేదు. 1788 నుంచి 1868 దాకా దాదాపు 1,62,000 మందిని ద్వీపాంతర శిక్ష వేసి ఆస్ట్రేలియాకు పంపారు. వాళ్లలో సుమారు 40,000 మంది ఐర్లాండు రేవుల నుంచి నేరుగా ఓడెక్కినవాళ్లు. గొర్రెను తోలుకుపోయినా, దుప్పటి ఎత్తుకుపోయినా ఏడేళ్లు పడిన రోజులవి. ఒకప్పుడు ఆస్ట్రేలియాలోనూ దాచుకునేవాళ్లు, ఇప్పుడు అదే గొప్పగా చెప్పుకుంటున్నారు. ఆ ఖైదీల కాగితాలు 2007లో యునెస్కో వారి ప్రపంచ స్మృతి జాబితాలో కూడా చేరాయి.

ఈ పని మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ముందుగా వెళ్లేది ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్‌కే. వెబ్‌సైట్‌గా దానికి వంక పెట్టడానికి లేదు. 1674 నుంచి 1913 దాకా లండన్ పెద్ద క్రిమినల్ కోర్టులో నడిచిన 1,97,000కి పైగా కేసులున్నాయి. సాక్షి ఏమన్నాడు, ముద్దాయి ఏం జవాబిచ్చాడు, ఎన్నేళ్లు పడింది, అన్నీ చదువుకోవచ్చు. పైసా కట్టక్కర్లేదు. పేరు కొడితే క్షణాల్లో వస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. పేట్రిక్ మర్ఫీ అని కొడితే ఎవరో ఒక పేట్రిక్ మర్ఫీ తప్పకుండా వస్తాడు. మన ఊళ్లో వెంకటేశ్వరరావు అని కేకేస్తే ఎంతమంది వెనక్కి తిరుగుతారో, ఐర్లాండులో ఆ పేరుకి అంతమంది. పైగా అది లండన్, మిడిల్‌సెక్స్ కేసుల కోర్టు. కార్క్‌లోనో, టిప్పరరీలోనో పట్టుబడినవాణ్ణి అక్కడికి తీసుకెళ్లి విచారించరు. అందులో దొరికేది లండన్‌లో కూలికి వచ్చి దొరికిపోయిన ఐరిష్‌వాడు. అతను మీ ముత్తాత కావచ్చు, కాకపోవచ్చు.

అందుకని మొదట తేల్చుకోవాల్సింది విచారణ ఏ ఊళ్లో జరిగిందన్నది. ఆ ముక్క దొరికేది విచారణ జరిగిన చోట కాదు, ఓడ దిగిన చోట. ఖైదీ దిగగానే అక్కడి గుమాస్తా అతని విచారణ ఊరు, తేదీ, శిక్ష రాసుకున్నాడు. ఆ కాగితంలో లండన్ కోర్టు పేరుంటే ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్‌కి నిశ్చింతగా వెళ్లండి, దానికి మించింది లేదు. అక్కణ్ణుంచి డిజిటల్ పనాప్టికాన్ అనే తోబుట్టువు సైటు ఉంది. 1780 తర్వాత లండన్‌లో శిక్షపడిన 90,000 మంది జీవితాల్ని కోర్టు నుంచి కాలనీ దాకా కలిపి చూపిస్తుంది, అదీ ఉచితమే. లాంకాస్టరో, లివర్‌పూలో ఉంటే ఇంగ్లండు కౌంటీల కాగితాలు వెతకాలి. ఐర్లాండు కౌంటీ పేరుంటే మాత్రం ఈ రెండింటినీ మూసేసి పక్కన పెట్టండి.

ఐర్లాండు కోర్టు కాగితాలు ఏమయ్యాయి?

కాలిపోయాయి. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల ఆవరణలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలి తగలబడింది. కోర్టు కాగితాల్లో చాలా భాగం, 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కల్లో దాదాపు అన్నీ అక్కడే బూడిదయ్యాయి. 1836కి ముందరి ద్వీపాంతర శిక్షల రిజిస్టర్లూ అందులోనే పోయాయి. డబ్లిన్ కోటలో విడిగా ఉన్న చీఫ్ సెక్రటరీ ఆఫీసు కాగితాలు మాత్రం మిగిలాయి. ఇవాళ మనం చదవగలిగేదంతా దాదాపు ఆ మిగిలిన గదిలోంచి వచ్చిందే. ఈ సంగతి తెలియక, అసైజు కోర్టు (కౌంటీల్లో తిరుగుతూ పెద్ద కేసులు విచారించే కోర్టు) ఫైలు కావాలంటూ డబ్లిన్‌కి ఈమెయిళ్ల మీద ఈమెయిళ్లు పెట్టేవాళ్లున్నారు. లేని ఫైలు ఎవరిస్తారు?

ఐర్లాండు నేషనల్ ఆర్కైవ్స్ వారి ఐర్లాండ్-ఆస్ట్రేలియా డేటాబేస్

ఐర్లాండు వైపు సైట్లలో ఎక్కువ మార్కులు దీనికే. ఆస్ట్రేలియాలో తెల్లవారి వలసకు 1988లో రెండువందల ఏళ్లు నిండినప్పుడు ఐర్లాండు ప్రభుత్వం ఇచ్చిన బహుమతి ఇది. 1791 నుంచి 1853 దాకా ఖైదీల వివరాలుంటాయి. పాతకాలపు రూపు, ఖాళీ గడులు, ఒక బటన్ తప్ప ఇంకేం లేవు. అదే దాని అందం. ఇంటిపేరు, పేరు, వయసు, విచారణ ఊరు, తేదీ, నేరం, శిక్ష, ఓడ, అర్జీ పెట్టిందెవరు, వాళ్లకి ఖైదీ ఏమవుతాడు, కింద ఫైలు నంబరు, మైక్రోఫిల్ము నంబరు ఉంటాయి.

ఆ ఫైలు నంబరు మొదట్లో ఉండే అక్షరాల్ని చాలామంది దాటేస్తారు. అసలు సమాచారం వాటిలోనే ఉంది. టి.ఆర్. అని ఉంటే అది రిజిస్టరులో ఒక వరుస మాత్రమే, తెరమీద కనిపించిందానికంటే అందులో ఎక్కువేం ఉండదు. దాని నకలు తెప్పించడం డబ్బు దండగ. పి.పి.సి. అని ఉంటే 1836కి ముందరి అర్జీ. సి.ఆర్.ఎఫ్. అని ఉంటే 1836 తర్వాతి అర్జీల కట్ట. ఎఫ్.ఎస్. అని ఉంటే భార్యనో, పిల్లల్నో తర్వాతి ఓడలో పంపమని అడిగిన కాగితం. చివరి మూడింటిలో ఏది కనిపించినా వదలకండి.

ఐరిష్ కేసుల్లో విచారణకి దగ్గరగా మిగిలింది ఆ అర్జీ కట్టే. పద్ధతి మన కలెక్టరాఫీసు అర్జీలాంటిదే. ఖైదీయో, భార్యో, తల్లో ఊళ్లో రాయొచ్చినవాడి చేత లార్డ్ లెఫ్టినెంట్‌కి, అంటే ఐర్లాండులో రాజుగారి ప్రతినిధికి, మహజరు రాయిస్తారు. కింద ఫాదరీ, భూస్వామి, ఊరి పెద్దలు సంతకాలు పెడతారు, సంతకం రానివాళ్లు ఇంటూ గుర్తు పెడతారు. దాన్ని శిక్ష వేసిన జడ్జికి పంపి అభిప్రాయం అడుగుతారు. జడ్జి తన నోట్సు చూసుకుని, సాక్షులేం చెప్పారో, తను ఎందుకా శిక్ష వేశాడో రాసి పంపుతాడు. కోర్టు ఫైలు కాలిపోయినా, జడ్జి జవాబు అర్జీతో కుట్టి కోటలో ఉండిపోయింది. ప్రతి కట్టలోనూ అది దొరుకుతుందని కాదు. కొన్నింటిలో అర్జీ వెనక 'చట్టం తన పని తాను చేసుకుపోవాలి' అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ ఉండదు. ఉన్నచోట మాత్రం ఊరి పేరు, పిల్లల సంఖ్య, ఇంట్లో ఎంత ఆకలి ఉందో, ఎదుటివాడితో ఏ భూమి తగాదా ఉందో అంతా బయటపడుతుంది.

నకలు ఎలా? డబ్లిన్ బిషప్ స్ట్రీట్‌లోని ఆర్కైవ్స్‌కి ఫైలు నంబరుతో రాసి డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు. అంతకంటే తేలికదారి ఇంకొకటుంది. ఈ కాగితాల మైక్రోఫిల్ములు బహుమతిలో భాగంగా ఆస్ట్రేలియా పెద్ద గ్రంథాలయాలకు వెళ్లాయి. సిడ్నీలో ఉన్న అల్లుడికి మైక్రోఫిల్ము నంబరు వాట్సాప్ చేసి, శనివారం స్టేట్ లైబ్రరీకి వెళ్లి ఫొటో తీసుకురమ్మనండి. ముందే లైబ్రరీకి రాసి ఆ రీలు ఉందని ఖాయం చేసుకుంటే అల్లుడి శనివారం వృథా కాదు.

దీని లోపం వాళ్లే చెప్పుకున్నారు. 1836కి ముందు శిక్షపడి, ఎవరూ అర్జీ పెట్టని మనిషి ఇందులో ఉండడు. కనిపించకపోతే ఖైదీ కాదని అర్థం కాదు. ఇంకో లోపం పేర్ల వెతుకులాట. ఓబ్రయన్‌ని బ్రయన్ అని, మెకార్తీని కార్తీ అని రాసి ఉంటారు. ముందు 'ఓ'తో ఒకసారి, అది లేకుండా ఒకసారి, 'మ్యాక్'తో ఒకసారి వెతకాలి. 'మ్యాక్'ని ఎమ్ అక్షరం, పైన ఒక కొమ్ముతో సరిపెట్టిన చోట్లూ ఉన్నాయి. ఆడవాళ్ల పేర్లు మరీ జారుడు. హొనోరా అన్నా, నోరా అన్నా ఒకరే. బ్రిడ్జెట్టే బిడ్డీ, మార్గరెట్టే పెగ్గీ. మగవాళ్లలో జెరెమియా డార్బీ అవుతాడు. మన సుబ్రహ్మణ్యాన్ని సుబ్బడు అంటే పక్క జిల్లావాడికి తెలుస్తుంది కానీ పరాయి దేశం గుమాస్తాకి తెలుస్తుందా?

లైబ్రరీస్ టాస్మేనియా నేమ్స్ ఇండెక్స్

1840 తర్వాత ఐర్లాండు ఖైదీ ఓడలు ఎక్కువగా వెళ్లింది వాన్ డీమెన్స్ ల్యాండ్‌కి, అంటే 1856లో టాస్మేనియాగా పేరు మారిన దీవికి. అక్కడికి పంపడం 1853లో ఆగింది. మీ మనిషి ఆ దీవి రాజధాని హోబార్ట్‌లో దిగి ఉంటే మీ అంత అదృష్టవంతులు లేరు. ఈ సైటులో పేరు కొట్టి, ఎడమపక్క ఖైదీలు అన్న విభాగం ఎంచుకుంటే అసలు రిజిస్టరు పేజీ బొమ్మే తెరుచుకుంటుంది. ఖాతా అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు.

ఫలితంలో సి.ఓ.ఎన్. అన్న అక్షరాల వెనక ఒక అంకె ఉంటుంది. 33 అంటే 1840 తర్వాత వచ్చిన మగవాళ్ల నడవడి చిట్టా, 31 అంతకుముందు వాళ్లది. ఆడవాళ్లకి 40, తర్వాత 41. మగవాళ్ల ఓడ జాబితా 14, ఆడవాళ్లది 15. ఎక్కువమంది చిట్టా చూసి సంతోషపడి ఆగిపోతారు. ఓడ జాబితాని కూడా తెరవాలి, ఎందుకంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పేర్లు రాసేది అందులో. పేర్ల పక్కన ఎన్.పి. అని ఉంటే వాళ్లింకా పుట్టిన ఊళ్లోనే ఉన్నారని. ఐర్లాండు చర్చి పుస్తకాల్లో పది మంది జాన్ మర్ఫీల్లో మన జాన్‌ని పట్టించేది ఆ తోబుట్టువుల పేర్లే.

33వ వరస చిట్టా పేజీని దగ్గరగా చూద్దాం. పైన పోలీసు నంబరు, పేరు, ఓడ, దిగిన తేదీ. పక్కనే శిక్షపడిన ఊరు, తేదీ, ఎన్నేళ్లు. దాని కింద సన్నటి అక్షరాలతో నాలుగైదు పంక్తులు. ఏ నేరానికి పంపారు, జైలువాళ్లు ఏమన్నారు, పెళ్లయిందా, మతమేమిటి, చదువొచ్చా, ఓడ డాక్టరు ఏమన్నాడు. నడుమ 'ఈ నేరం గురించి చెప్పింది' అన్న ముక్క ఉంటుంది. ఇది కోర్టు మాట కాదు, ఖైదీ నోటిమాట. ఆవును దొంగిలించానని ఒప్పుకుంటూ అది ఎవరి ఆవో, ఏ ఊళ్లోదో చెప్పేది ఇక్కడే. ఆ ఆవు యజమాని పేరు విడిగా రాసి పెట్టుకోండి, తర్వాత పత్రికల్లో వెతకడానికి తాళంచెవి అదే. ఖైదీ పేరు తప్పు అచ్చయినా యజమాని పేరు సరిగ్గా అచ్చయి ఉండొచ్చు.

ఆ కింద ఎత్తు అడుగుల్లో, అంగుళాల్లో, ముక్కు, నోరు, గడ్డం, పచ్చబొట్లు. ఫొటోలు లేని కాలంలో పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికి రాసుకున్నవి కాబట్టి శ్రద్ధగా రాశారు. పేజీ మిగతా సగం అక్కడ చేసిన తప్పులు: తాగాడు, ఎదురు మాట్లాడాడు, చెప్పకుండా రాత్రంతా బయట ఉన్నాడు. ప్రతిదానికీ తేదీ, పక్కన శిక్ష పొట్టి అక్షరాల్లో. ఎస్-ఓ-ఎల్ అంటే ఒంటరి గది, హెచ్.ఎల్. అంటే కఠిన శ్రమ, టి.ఎల్. అంటే టికెట్ ఆఫ్ లీవ్ (గడువు తీరకముందే బయట సొంతంగా పని చేసుకోనిచ్చే అనుమతి), సి.పి. అంటే షరతులతో క్షమాభిక్ష, ఎఫ్.సి. అంటే శిక్ష తీరిన సర్టిఫికెట్. పేర్లూ అంతే, జె-ఎన్-ఓ అని ఉంటే జాన్, డబ్ల్యు-ఎమ్ అంటే విలియం. డి-ఓ అంటే పై మాటే మళ్లీ అని, దాన్ని ఊరి పేరనుకుని మ్యాపులో వెతికి అలిసిపోకండి.

సైటుకి ఉన్న ఒకే జబ్బు: ఒక మనిషికి నాలుగైదు ఫలితాలొస్తాయి, ఒకే ఓడలో ఒకే పేరున్న ఇద్దరుంటే అవన్నీ కలిసిపోతాయి. పోలీసు నంబరు పట్టుకుని విడదీయాలి. ఆడ ఖైదీల విషయంలో హోబార్ట్ వారి ఫీమేల్ కన్విక్ట్స్ రీసెర్చ్ సెంటర్ చేసిన పని ఈ సైటు కంటే ఒక మెట్టు పైనే.

సిడ్నీ వైపు కాగితాలు

న్యూ సౌత్ వేల్స్‌కి ఐర్లాండు నుంచి నేరుగా వచ్చిన మొదటి ఓడ క్వీన్. కార్క్ నుంచి బయల్దేరి 1791 సెప్టెంబరు 26న సిడ్నీ చేరింది. మనుషులు దిగారు, కాగితాలు రాలేదు. ఎవరికెన్నేళ్లు పడ్డాయో, ఎప్పటికి తీరుతుందో గవర్నరుకే తెలియని పరిస్థితి. తొలినాటి ఐరిష్ ఓడలు చాలావాటికి ఇదే తంతు. కాబట్టి 1790ల మనిషికి శిక్ష తేదీ తప్పుగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

మ్యూజియమ్స్ ఆఫ్ హిస్టరీ న్యూ సౌత్ వేల్స్ వారి ఖైదీల సూచిక ఉచితం. పేరు, ఓడ, సంవత్సరం, టికెట్ నంబరు, సర్టిఫికెట్ నంబరు ఇస్తుంది. అసలు పేజీల బొమ్మల్లో చాలా భాగం మాత్రం డబ్బు కట్టే యాన్సెస్ట్రీలో ఉన్నాయి. టాస్మేనియా సైటుకి అలవాటుపడ్డ చేతికి ఇది కొంచెం చప్పగా ఉంటుంది. అయినా లెక్క తెలిస్తే పని జరుగుతుంది. శిక్ష గడువు విచారణ తేదీ నుంచి లెక్క, ఓడ దిగిన తేదీ నుంచి కాదు. 1831 మార్చిలో ఏడేళ్లు పడితే 1838 మార్చి తర్వాత సర్టిఫికెట్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే శిక్ష తీరిన సర్టిఫికెట్, వెతకాలి. టికెట్ ఆఫ్ లీవ్ అంతకంటే ముందొస్తుంది. పనికి అప్పజెప్పిన ఒకే యజమాని దగ్గర బుద్ధిగా ఉంటే ఏడేళ్లవాడికి నాలుగేళ్లకి, పద్నాలుగేళ్లవాడికి ఆరేళ్లకి, జీవితఖైదుకి ఎనిమిదేళ్లకి. టికెట్ నంబరులో గీతకి ముందున్న రెండంకెలు సంవత్సరం. జీవితఖైదు పడ్డవాడికి గడువు తీరదు కాబట్టి సర్టిఫికెట్ ఆఫ్ ఫ్రీడమ్ రాదు. షరతులతో క్షమాభిక్ష కోసం వెతకాలి. ఇది తెలియక ఉత్తపుణ్యాన గంటలు పోగొట్టుకుంటారు.

1830 తర్వాతి ఓడ జాబితాలు అచ్చు రూపంలో ఉన్నాయి. చదువు, మతం, సంతానం, పుట్టిన కౌంటీ, పాత శిక్షలు అన్నీ గడుల్లో ఉంటాయి. అంతకుముందువి పేరు, ఊరు, తేదీ, శిక్షతో సరి. అప్పుడు మరణ ధ్రువపత్రం ఆదుకుంటుంది. న్యూ సౌత్ వేల్స్‌లో 1856 మార్చి నుంచి జనన మరణాల నమోదు మొదలైంది. అందులో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, కాలనీలో ఎన్నేళ్లు ఉన్నాడన్నది రాస్తారు. ఆ ఏళ్లని తీసేస్తే ఓడ వచ్చిన సంవత్సరం తేలుతుంది, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ. పూర్తి సర్టిఫికెట్ కొనకుండా, అక్కడ అనుమతి పొందిన ట్రాన్స్‌క్రిప్షన్ ఏజెంట్ల దగ్గర సారాంశం తక్కువకి దొరుకుతుంది. స్కూలు ప్రాజెక్టుకి అది చాలు. టాస్మేనియా పాత మరణ నమోదుల్లో తల్లిదండ్రుల పేర్లు ఉండవు, అక్కడ ఈ దారి పనిచేయదు.

క్వీన్స్‌లాండ్ స్టేట్ లైబ్రరీ పెట్టిన బ్రిటిష్ ఓడ రిజిస్టర్ల సూచిక గురించి ఒక హెచ్చరిక. 1,23,000కి పైగా పేర్లున్నాయని చూసి అందరూ దాని మీద పడతారు. ఇంగ్లండు హోం ఆఫీసు రాసుకున్న పుస్తకాలవి, ఐర్లాండు నుంచి నేరుగా వెళ్లిన ఓడలు మామూలుగా వాటిలో ఉండవు. అక్కడ పేరు కలిసిందంటే బహుశా తప్పు మనిషే.

ఇక ట్రోవ్. ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వారి పాత పత్రికల గని, 1803 నాటి సిడ్నీ గెజెట్ నుంచి మొదలు, పూర్తిగా ఉచితం. టికెట్లు పొందినవాళ్లు, పారిపోయినవాళ్ల జాబితాలు గెజెట్లలో వారం వారం వచ్చేవి. మసకబారిన అచ్చును యంత్రం చదివింది కాబట్టి పేర్లలో అక్షరాలు తారుమారవుతాయి. పేరుతో దొరక్కపోతే ఓడ పేరు, నేరం కలిపి వెతకండి.

డబ్బు కట్టే సైట్లు కొనాలా?

అన్నీ అయ్యాక, అదీ ఒక్క నెలకి. ఫైండ్‌మైపాస్ట్‌లో కొనదగ్గవి రెండున్నాయి: 1790 నుంచి 1924 దాకా ఐరిష్ జైలు రిజిస్టర్లు, పెట్టీ సెషన్స్ అనే చిన్న కోర్టుల పుస్తకాలు. జైలు రిజిస్టరులో మీ మనిషి ఓడెక్కకముందు ఏ జైల్లో ఎన్నాళ్లున్నాడో ఉంటుంది, ఆ జైలు పుస్తకం మిగిలి ఉంటేనే. చిన్న కోర్టు పుస్తకాలు ఎక్కువగా 1850ల తర్వాతివి. ఖైదీని పంపేసిన పదేళ్లకి మొదలయ్యే పుస్తకానికి చందా కట్టి ఏం లాభం? కొనేముందు మీ కౌంటీకి, మీ ఏడాదికి పుస్తకం ఉందో లేదో వాళ్ల జాబితాలో చూసుకోండి.

ఐరిష్ పత్రికల కోసం బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్ పనికొస్తుంది. దాన్ని నడిపేది ఫైండ్‌మైపాస్ట్ వాళ్లే, కొన్ని ప్లాన్లలో పత్రికలు కలిసే వస్తాయి. రెండింటికీ విడివిడిగా కట్టకండి. అసైజు కోర్టులు ఏడాదికి రెండుసార్లు కూర్చునేవి, వసంతంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి. విచారణ తేదీ నుంచి రెండు వారాలు, ఆ కౌంటీ పత్రికే తీసుకుని పేజీలు తిప్పండి. కార్క్‌కి సదరన్ రిపోర్టర్, లిమరిక్‌కి లిమరిక్ క్రానికల్, డబ్లిన్‌కి ఫ్రీమన్స్ జర్నల్. పెద్ద కేసులకి కాలమ్ నిండా వార్త ఉంటుంది. గొర్రె దొంగకి 'ఏడేళ్ల ద్వీపాంతరం' జాబితాలో ఒక పేరు, అంతే.

మన దగ్గరి నుంచి కట్టేటప్పుడు కార్డు తిరస్కరిస్తే సైటుని తిట్టుకోకండి. బ్యాంకు యాప్‌లో విదేశీ ఆన్‌లైన్ లావాదేవీలన్న మీట మామూలుగా ఆపేసి ఉంటుంది, అది వేయాలి. పని అయ్యాక మళ్లీ ఆపేయాలి. విదేశీ మారకం మీద బ్యాంకు కోసుకునే శాతం, దాని మీద జీఎస్టీ కలిపి చూసుకోండి. చందా కట్టిన రోజే ఆటో రెన్యువల్ రద్దు చేయండి. గడువు దాకా సైటు పనిచేస్తూనే ఉంటుంది.

ఎక్కడ బోర్లా పడతారు

ఊరి పేర్ల దగ్గర. హైదరాబాదులో ఎవరైనా మీదే ఊరని అడిగితే పెదకాకాని అనం, గుంటూరు అంటాం. ఖైదీ కూడా అంతే, కార్క్ అన్నాడంటే అది నగరమో, కౌంటీలో ఏ మారుమూల పల్లెటూరో తెలియదు. పైగా విచారణ జరిగిన ఊరు పుట్టిన ఊరు కానక్కర్లేదు. పాత కాగితాల్లో క్వీన్స్ కౌంటీ అంటే ఇప్పటి లీష్, కింగ్స్ కౌంటీ అంటే ఆఫలీ, కింగ్స్‌టౌన్ అంటే డన్ లీరీ, క్వీన్స్‌టౌన్ అంటే కోవ్. ఇప్పటి మ్యాపులో ఆ పేర్లు కొడితే ఎక్కడో అమెరికాలో తేలతారు. ఊరు తెలిశాక, 1847 నుంచి 1864 మధ్య జరిగిన గ్రిఫిత్స్ వాల్యుయేషన్‌లో ఆ ఇంటిపేరువాళ్లు ఏ గ్రామంలో ఎక్కువున్నారో చూడొచ్చు. మన అడంగల్ లాంటిదనుకోండి. ఐర్లాండు నేషనల్ లైబ్రరీ పెట్టిన కేథలిక్ చర్చి పుస్తకాలు 1880 దాకా ఉచితంగా చదువుకోవచ్చు. కాకపోతే అక్షరాలు కోడి గీతలు, పేర్లు లాటిన్లో.

రెండోది, శిక్ష పడినవాళ్లంతా ఓడ ఎక్కలేదు. కోర్టు ద్వీపాంతరం అన్నా, కొందరు కార్క్ రేవులోని స్పైక్ ఐలండ్ జైల్లోనే గడిపేశారు, కొందర్ని బెర్ముడాకి పంపారు, కొందరు అర్జీ ఫలించి ఇంటికెళ్లారు. ఓడ గడి ఖాళీగా ఉంటే సిడ్నీలో వెతికి లాభం లేదు. 1853 తర్వాత మిగిలింది పశ్చిమ ఆస్ట్రేలియా ఒక్కటే. చివరి ఓడ హౌగోమౌంట్ 1868 జనవరిలో ఐర్లాండు స్వాతంత్ర్యం కోసం తిరగబడిన 62 మంది ఫీనియన్లతో సహా ఫ్రీమాంటిల్ చేరింది.

మూడోది, పేరు కలవగానే సంబరపడటం. ఓడ, దిగిన సంవత్సరం, శిక్షపడిన ఊరు, ఎన్నేళ్లు, ఈ నాలుగూ రెండు వేర్వేరు కాగితాల్లో కలిస్తేనే మనిషి ఒకడని రాసుకోండి. వయసు రెండు మూడేళ్లు తేడా వచ్చినా ఫరవాలేదు, ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒకే ఓడ పలుసార్లు వచ్చి ఉంటుంది కాబట్టి ఓడ పేరొక్కటే సరిపోదు.

ఫోను చేయాల్సి వస్తే హోబార్ట్, సిడ్నీ మనకంటే నాలుగున్నర గంటలు ముందు, వాళ్ల ఎండాకాలంలో ఐదున్నర. మన పదకొండు దాటకముందే చేయండి. డబ్లిన్‌కి మధ్యాహ్నం నిద్ర లేచాక చేసినా చాలు. ఇక చిట్టా పేజీ ప్రింటు విషయం: ఏ-4 మీద తీస్తే ఆ సన్నటి పంక్తులు చీమల బారులా ఉంటాయి. పూర్తి సైజు బొమ్మని దింపుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి, అరండల్‌పేటలోనో, గవర్నరుపేటలోనో ఏ-3 తీసే జిరాక్సు షాపులో తీయించండి. నలుపు తెలుపులో వద్దు, రంగులోనే తీయమనండి. తర్వాతి గుమాస్తా వేరే సిరాతో చేర్చిన టికెట్ తేదీ నలుపు తెలుపులో మిగతా గీతల్లో కలిసిపోతుంది.